జయమ్మక్క చెంబు

ధర్మవరం స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, జట్కాబండ్లు తిరిగే చోట ఒక ఇత్తడి బొమ్మ ఉండాది. నిలువెత్తు ఆడమనిషి. కొంగు తల మీద కప్పుకోని, రెండు చేతుల్లో ఒక చెంబు పట్టుకోని, ఇదిగో తీసుకో అన్నట్టు ముందుకు చాచి ఉంటాది. యుద్ధం కోసమని ఇంట్లో సామాన్లు ఇచ్చిన ఆడవాళ్ళ గుర్తుగా పెట్టినారు. కింద రాతి మీద ముప్పై ఒక్క పేర్లు చెక్కినారు. అందులో మొదటి పేరు నాది. అంజినమ్మ, గంగాధరప్ప భార్య అని ఉంటాది.

నేను నాలుగో తరగతి దాకా చదివినాను. నలుగురి ముందర నిలబడితే నాలుక పిడచకట్టుకపోతాది. నోటితో చెప్పలేకపోయినాను కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఆ రాతి మీద నా పేరు ఉండకూడదు.

మాది ఎర్రమంచి. మా ఇంటాయనకు నన్ను రెండో పెళ్ళాంగా ఇచ్చినారు. ధర్మవరంలో వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందరింట్లో మగ్గం, దాని వెనక చిన్న చీకటి గది, ఆ వెనక వంటిల్లు. నేను కాపురానికి పోయేసరికి ఇంట్లో మా అత్త కుళ్ళాయమ్మ, మా ఇంటాయన, ఆయన మొదటి భార్య బిడ్డ నీలావతి ఉండేవాళ్ళు. నీలావతికి అప్పుడు నాలుగేళ్ళు. ఇంకొకామె కూడా ఉండేది. ఆమె వంటింటి గూట్లో ఉండేది.

ఆమె పేరు జయమ్మ. నీలావతిని కన్న మూడో దినం జ్వరంతో పోయింది. ముత్తైదువుగా పోయిన ఆడమనిషి పేరుతో ఒక చెంబు పెట్టి, పసుపు కుంకుమ పెట్టి కొలిచేది మా వాళ్ళలో ఆచారం. ఇంట్లో ఎవరు కొత్త చీర కట్టాలన్నా ముందు ఆ చెంబు ముందర పెట్టి, తర్వాతే కట్టాల. ప్రతి శుక్రవారం దీపాలు పెట్టే వేళకు చెంబును చింతపండుతో తళతళా తోమి, కొత్త నీళ్ళు పోయాల. పాతనీళ్ళు మల్లెచెట్టు పాదులో పోయాల. చెంబు ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకూడదు.

"ఖాళీగా ఉంటే ఏమయితాది అత్తా?" అని ఒకసారి అడిగినాను.

మా అత్త చెప్పింది. బాలింతకు నీళ్ళు తాపితే ఒళ్ళంతా నీరు పడతాదని మంత్రసాని కట్టడి చేసిందంట. మూడు దినాలు మిరియాల కషాయమే. జయమ్మ జ్వరంలో పెదవులు పగిలి, "అత్తా, గుక్కెడు నీళ్ళు... గుక్కెడు..." అని అడుక్కుంటానే పోయిందంట.

"అప్పుడు తాగనియ్యని నీళ్ళు ఇప్పుడు తాపుతాండా," అనింది మా అత్త.

ఆ చెంబు జయమ్మక్క పుట్టింటివాళ్ళు పెట్టింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా 'జయమ్మ' అని పేరు కొట్టించి ఉండేది. బొటనవేలితో తడిమితే కళ్ళు మూసుకోని కూడా చదవచ్చు.

నీలావతి నన్ను చిన్నమ్మా అనేది. ఆ పిల్లకు తల దువ్వింది నేను, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకోని కూర్చుంది నేను. నీళ్ళు తాగేటప్పుడు మాత్రం దాన్ని చూస్తే నవ్వొచ్చేది. ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా గుటకలేసేది. తాగి గ్లాసు దించినాక ఒక ఎక్కిలి. ఒక్కటే. ప్రతిసారీ. "దీని కడుపులో కప్ప ఉండాది," అని పక్కింటి సుంకమ్మ ఏడిపించేది. అమ్మా అని మాత్రం ఆ పిల్ల నన్ను ఎప్పుడూ అనలేదు. ఆ మాట చెంబుకే. పొద్దున లేస్తానే గూటి ముందర కూర్చోని, చెంబుకు మూతి దగ్గర పెట్టి గుసగుసగా అన్నీ చెప్పేది.

నీలావతికి ఏడేళ్ళప్పుడు, ఒకరోజు నేను రొట్టె కాలుస్తా విన్నాను.

"అమ్మా, నువ్వెప్పుడొస్తావు? నువ్వొస్తే చిన్నమ్మ వాళ్ళూరికి పోతాది గదా?"

రొట్టె మాడిపోయింది. నేను చూసుకోలేదు.

ఆ దినమే మధ్యాహ్నం కమిటీ వాళ్ళు వచ్చినారు. యుద్ధానికి రాగి, ఇత్తడి కావాలని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ముందర బళ్ళో చదువు చెప్పే నాగభూషణం అయ్యవారు, వెనక ఒంటెద్దు బండి. బండిలో బిందెలు, తాంబాళాలు, గంగాళాలు గలగలా అంటా ఉండాయి.

"ఉన్న ఇత్తడంతా మీకిచ్చేస్తే మా మొగుళ్ళకు దోసిట్లో పోస్తామా నీళ్ళు?" అనింది సుంకమ్మ వాకిట్లో నిలబడి.

"సుంకమ్మా, నీ నోరు ఇత్తడయ్యుంటే ఒక్కదాంతోనే ఫిరంగి చేసుండొచ్చు," అన్నారు అయ్యవారు.

అందరూ నవ్వినారు. అయినా సుంకమ్మ ఒక తాంబాళం తెచ్చి బండిలో పడేసింది.

మా అత్త పెళ్ళికని పెనుకొండకు పోయుండాది. మా ఇంటాయన పట్టు కోసం పోయినాడు. నీలావతి బడిలో. నేను వంటింట్లోకి పోయినాను. ఏదో పాత గరిటె ఇద్దామనే పోయినాను, దేవుని సాక్షి. చెయ్యి మాత్రం గూటి దగ్గరికి పోయింది.

చెంబు ఎత్తి, వెనక వాకిట్లో తూము దగ్గర వంచినాను. మల్లెపాదు పది అడుగుల్లో ఉండాది. ఆడికి కూడా పోలేదు.

నీళ్ళు పడతా ఉండాయి... చెంబుడు నీళ్ళు ఎంతసేపు పడతాయి? చెయ్యి నొప్పి పుట్టింది. కాలవ నిండింది. గట్టు దాటి సందులోకి పారినాయి. ఇంకా పడతానే ఉండాయి. ఒకటే సన్నటి ధార. అప్పుడు నేను భయపడలేదు. విసుక్కున్నాను. ఆ విసుగే ఇప్పుడు గుర్తొస్తాది.

కొంగు కింద పెట్టుకోని తెచ్చి బండిలో పెట్టినాను. అయ్యవారు చూసినారు. పసుపు, కుంకుమ, చుక్కల పేరు. ఆయన ముఖం మారిపోయింది.

"అమ్మా, ఇది మీ ఇంటి పేరంటాలి చెంబు కాదా?"

తలొంచుకోని, 'ఆ' అనినాను.

సాయంత్రం మా అత్త వచ్చి ఖాళీ గూడు చూసి కూలబడింది. అప్పటికే నా అబద్ధం తయారుగా ఉండాది.

"తెల్లారుజామున అక్క కలలోకొచ్చింది అత్తా. నా చెంబు యుద్ధానికి ఇచ్చెయ్ చెల్లీ అనింది. ఎట్ల కాదనేది?"

చచ్చినామె పేరుతో చెప్పిన మాటను ఎవరు తీసేస్తారు? మా అత్త రెండు చేతులూ ఎత్తి గూటికి దండం పెట్టింది. మా ఇంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. నీలావతి ఒక్కటే నన్ను చూస్తా నిలబడింది.

"నీ కలలోకి ఎందుకొచ్చింది? నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదే..."

ఆ రాత్రి దాన్ని దగ్గర పడుకోబెట్టుకోని జోకొట్టినాను. చేతులెట్ల ఆడినాయో నాకు తెలీదు.

కల సంగతి ఊరంతా పాకింది. బండిలోవన్నీ స్టేషన్ గోడౌన్లో పడేసినారు. వాటిని తీసుకపోయే వ్యాగన్ ఇవాళొస్తాది, రేపొస్తాది అంటుండగానే రెండేళ్ళు గడిచి యుద్ధం అయిపోయింది. ఎవరి సామాన్లు ఏవో తేల్చి వెనక్కిచ్చేది కాని పని అని, వాటిని కరిగించి ఒక బొమ్మ పోయించాలని ఊరి పెద్దలు అనుకున్నారు. హిందూపురం నుంచి పోతపని చేసే పుల్లన్నను పిలిపించినారు. నాగభూషణం అయ్యవారు జయమ్మక్క చెంబును ముందు నుంచీ వేరుగా దాచిపెట్టినారంట. "దీన్ని కరిగించొద్దు, బొమ్మ చేతుల్లో ఇదే పెట్టు," అని చెప్పినారు. పుల్లన్న దాన్ని బొమ్మ వేళ్ళకు అతికించినాడు.

బొమ్మ మీద గుడ్డ తీసిన దినం నన్ను ముందు వరసలో నిలబెట్టినారు. మెడలో దండేసినారు. "చచ్చిపోయినామె చెప్పింది, బతికున్నామె చేసింది, ఇంతకంటే త్యాగముందా?" అని అయ్యవారు అందరి ముందర చెప్పినారు. నేను కాలి బొటనవేలితో మన్ను గీకుతా నిలబడినాను.

గుడ్డ తీసినారు. పక్కనున్న మా అత్త నా చెయ్యి పట్టుకునింది.

"పెదవులు చూడుమ్మే..." అనింది చెవిలో.

బొమ్మ పెదవుల మీద అడ్డంగా రెండు పగుళ్ళు ఉండాయి.

"పోతలో ఆడ గాలి చేరిందమ్మా," అన్నాడు పుల్లన్న. "మూడుసార్లు సరిచేసినా. మళ్ళీ పగులుతాంది. ఎండాకాలం పోయినాక చూస్తా."

ఊరిదైపోయినాక ఆ చెంబుకు శుక్రవారం నీళ్ళు ఎవరు పోస్తారు? మా అత్త పోయబోతే అయ్యవారు ఇప్పుడది గుర్తు, పూజ కాదు అన్నారంట. ఒక్క నీలావతి మాత్రం మానలేదు. శుక్రవారం సందెవేళ చిన్న ముంతతో నీళ్ళు తీసుకోని, బడి పిల్లలతో ఆడుకునేదానికని చెప్పి, ఆడికి పోయి రాతి దిమ్మె ఎక్కి పోసి వచ్చేది. సుంకమ్మ చూసి నాకు చెప్పింది. మెచ్చుకుంటానే చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చెంబు ఇంట్లో లేకపోయినా పోటీ పోలేదు గదా అని.

అప్పుడు నాకు నెలలు నిండినాయి. నీలావతి చెయ్యి పట్టుకోని, "ఇంగొకసారి ఆడికి పోతే కాళ్ళిరగ్గొడతా," అని ముంత నేలకేసి కొట్టినాను. పిల్ల ఏడవలేదు. పెంకులు ఏరుకోని పోయింది.

నాలుగు శుక్రవారాలు ఆ చెంబులో చుక్క నీళ్ళు పడలేదు. వైశాఖం ఎండలు. వాన జాడ లేదు.

నాకు మగబిడ్డ పుట్టినాడు.

మగ్గం వెనక చీకటి గదిలో నన్ను పడుకోబెట్టినారు. కిటికీకి గోనెపట్ట కుక్కినారు. మూల కుంపట్లో వేపాకు, సాంబ్రాణి పొగ. మంత్రసాని అదే. మాట కూడా అదే. నీళ్ళు లేవు.

"అత్తా, ఒక్క గుటక..."

"అడగొద్దు తల్లీ. ఆ పొద్దు జయమ్మకు ఎవరో చాటుగా నీళ్ళు తాపినారంట. అందుకే పోయిందని మంత్రసాని చెప్పింది. నిన్ను కూడా పోగొట్టుకోలేను."

అయిదో దినానికి నాలుక చెక్కముక్క అయ్యింది. ఉమ్ము మింగుదామంటే ఉమ్ము లేదు. గోడకు అవతలే నీళ్ళ కాగు ఉండాది. దాని నుంచి కారే ఒక్కో చుక్క నా నెత్తి మీద పడినట్టు వినపడేది.

శుక్రవారం. దీపాలు పెట్టే వేళ. మా అత్త కారం మందు నూరించుకోనొస్తానని సుంకమ్మ ఇంటికి పోయింది. ముందరింట్లో మగ్గం ఆడతాంది. టక్... టక్... నీలావతి వాళ్ళ నాయన పక్కన కూర్చోని పట్టుదారం కండెలు చుడతాంది. రాట్నం గిర్రుమంటాంది. కిరసనాయిలు దొరకని కాలం కాబట్టి నా తల దగ్గర కానుగ నూనె దీపం. దాని వెలుతురు నా చెయ్యి దాటి పోదు.

రాట్నం ఆగింది.

కొంచెం సేపటికి మగ్గం కూడా ఆగింది.

దీపం కొండెక్కింది. గాలి లేదు. గోనెపట్ట కదల్లేదు.

అప్పుడొచ్చింది వాసన. పొగ వాసనను తోసుకోని... చింతపండుతో అప్పుడే తోమిన ఇత్తడి వాసన. తడి మన్ను వాసన. ఎవరో నా చాప పక్కన కూర్చున్నారు. తలుపు చప్పుడు కాలేదు. చాప మాత్రం ఒక పక్కకు ఒరిగింది.

"దప్పి అయితాందా?"

గుసగుస. నీలావతి అనుకున్నాను.

"అయితాంది బంగారూ... మీ అవ్వకు చెప్పొద్దు... ఒక్క గుటక."

పెదవులకు చల్లటి అంచు తగిలింది. నీళ్ళు... ఎంత చల్లగా ఉండాయి! రెండు చేతులతో పట్టుకోని తాగినాను. గొంతులో, రొమ్ములో, కడుపులో దిగతాండాయి. ఏడుపొచ్చింది. తాగతా తాగతా, చెంబు మెడ కింద నా బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది.

చుక్కలు.

జ...

య...

ఆ చెంబు స్టేషన్ దారిలో ఉండాది. బొమ్మ వేళ్ళకు అతికిచ్చి ఉండాది.

దించాలనుకున్నాను. దించలేకపోయినాను. నీళ్ళు వస్తానే ఉండాయి. ఒకటే సన్నటి ధార. ముక్కులోకి పోతాండాయి. ఆ దినం తూములో పారబోసిన నీళ్ళన్నీ... ఒక్కొక్క చుక్కా... తిరిగొస్తాండాయి.

"కలలోకొచ్చినానని చెప్తివంట గదా చెల్లీ..."

గొంతు నా చెవి దగ్గరే. పగిలిన పెదవుల గొంతు.

"...అందుకే వస్తి."

నీళ్ళు ఆగినాయి. దగ్గినాను.

"నాకెవురూ ఇయ్యలేదు. నేను నీకిస్తి. నువ్వు నాకేమిస్తావు?"

పక్కలో బిడ్డ కదిలినాడు. చీకట్లో ఒక తడి చెయ్యి నా రొమ్ము మీదుగా వాడి వైపు పోతాంది. ఆ చెయ్యి చల్లగా లేదు. జ్వరమొచ్చినట్టు కాలతాంది.

"వాడొద్దు... అక్కా... వాడొద్దు..."

"అయితే నా బిడ్డ?"

ఒక్క గడియ ఆలోచించినానని రాస్తే బాగుండు. ఆలోచించలేదు.

"తీసుకో," అనినాను.

చాప మీద బరువు లేచిపోయింది.

మా అత్త దీపం పట్టుకోని వచ్చి చూసేసరికి చాప, పక్కబట్టలు, నా జుట్టు అంతా తడి. "ఎవురిచ్చిరి నీళ్ళు? నీలావతీ! ఓ నీలావతీ!" అని కేకలేసింది. మా ఇంటాయన మగ్గం గుంతలోనే కూర్చోని కళ్ళు నలుపుకుంటా, "ఈడనే కండెలు చుడతా ఉండె గదా... ఇప్పుడే రెప్పవాల్చినా..." అన్నాడు.

పిల్ల ఇంట్లో లేదు. వీధిలో లేదు. సుంకమ్మ చెప్పగా బొమ్మ దగ్గరికి పరిగెత్తినారు. నేను తలుపు పట్టుకోని నిలబడినాను. అన్నమూ నీళ్ళూ లేని ఒళ్ళు. అయినా నిలబడినాను. ఆ కాసేపట్లో ఎన్ని మొక్కులు మొక్కినానో. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నా, నా ప్రాణం తీసుకో అక్కా, అని.

తెచ్చినారు. మా ఇంటాయన భుజాన పిల్ల. ప్రాణంతోనే. బొమ్మ కాళ్ళ దగ్గర కూర్చోనుండాదంట. పక్కన ముంత. దారిలో ఎవరింట్లోనో ముంత, నీళ్ళు అడిగి పట్టుకపోయిందంట. గౌను మీద తడి చుక్క కూడా లేదు.

కింద దించినారు. నా దగ్గరికి నిదానంగా నడిచొచ్చింది. నా కళ్ళలోకి చూసింది.

"అమ్మా," అనింది.

ఆ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూసినాను. అయినా చేతులు చాచలేదు.

అందరూ సంతోషించినారు. తమ్ముడు పుట్టినాక పిల్లకు బుద్ధొచ్చింది అన్నారు. తమ్మున్ని ఎత్తుకోని, బిడ్డల్ని కన్న మనిషి మాదిరి చంకన సర్దుకునేది. పొద్దున్నే లేచి సామాన్లు చింతపండుతో తోమేది. ఎవరూ నేర్పలేదు. మా అత్త ఒకసారి దాని నడక చూసి, చేతిలో చాట పట్టుకోని అట్లనే నిలబడిపోయింది.

ఎండాకాలం పోయినాక పుల్లన్న పెదవులు సరిచేయడానికి వచ్చినాడు. నిచ్చెన దిగి, గడ్డం గోక్కుంటా నిలబడినాడు. "ఎవరు చేసినారప్పా ఇది? నాకంటే బాగా పూడ్చినారే," అన్నాడు. పగుళ్ళు లేవు. పెదవులు నున్నగా, తడిగా మెరుస్తాండాయి.

ఇంకొకటి కూడా ఉండాది. ఆ దినం నుంచి నీలావతి నీళ్ళు తాగింది నేను చూడలేదు. అన్నం తింటాది. గ్లాసు పక్కనే ఉంటాది. నిండుగానే ఉంటాది.

"తాగు తల్లీ," అంటే నవ్వుతాది. "నాకు దప్పి తీరింది లేమ్మా," అంటాది.

మా ఇంటాయనకు నిజం చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచినాను. ఆయన వెనక నుంచి పిల్ల నన్ను చూసేది. కోపంగా కాదు. చెప్పొద్దు చెల్లీ, అన్నట్టు. అంతే. నోరు మూసుకునేదాన్ని.

ఇంక తట్టుకోలేక పోయిన శుక్రవారం సందెవేళ, నేనే ఒక బిందెతో నీళ్ళు తీసుకోని ఆడికి పోయినాను. బొమ్మ పెట్టినాక నేను నీళ్ళు తీసుకపోయింది అదే మొదటిసారి. తల మీద కొంగు వేసుకోని, ఎవరూ చూడకుండా పోదామంటే, నీలావతి వెంటొచ్చింది. జట్కావాళ్ళు బండ్లు విప్పుకుంటా, "ఏమి భక్తమ్మా తల్లీకూతుళ్ళది," అన్నారు.

దిమ్మె ఎక్కినాను. చెంబు లోపల ఎండిపోయి, అడుగున కొంచెం దుమ్ము ఉండాది. పోయబోతుంటే పిల్ల నా కొంగు పట్టుకోని మెల్లగా లాగింది.

"ఆడ ఎందుకు పోస్తాండావమ్మా? ఆడ ఇప్పుడు ఎవురూ లేరు."

అయినా పోసినాను.

నీళ్ళు అడుగున పడిన చప్పుడు కాలేదు. బిందె సగమయ్యింది. చెంబు నిండలేదు. చెంబుకు చెవి ఆనించినాను. లోపల నుంచి... గుటకలు. గబగబా... ఎవరో లాక్కుంటారన్నట్టు... చిన్న చిన్న గుటకలు.

ఆగినాయి.

తర్వాత, ఒక ఎక్కిలి. ఒక్కటే.